తలుపు మీది జంగయ్య

శంషాబాద్‌లో పాత దుకాణాల వాళ్లెవరిని అడిగినా కొండల్ గురించి ముందు అతని కోపం సంగతే చెప్తారు, ఆ తర్వాతే చేతి సంగతి. బెంగళూరు హైవే పొడవునా ఒకప్పుడు గోడల మీద కనిపించిన సిమెంటు, విత్తనాల, పళ్లపొడి ప్రకటనల్లో చాలా మట్టుకు అతను రాసినవే. అక్షరం రాసి, దానికి కుడి పక్కన నల్లగా నీడ దిద్దాడంటే ఆ అక్షరం గోడను వదిలి ముందుకొచ్చి నిలబడేది. బాలాపూర్ దిక్కు వినాయక మండపాల్లో విగ్రహం వెనక కట్టే తెరల మీద కైలాసం వేసిందీ అతనే. ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాడు. ఎయిర్‌పోర్టు క్యాబు నడుపుతాడు.

ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. పని పోయినందుకు కాదు, పోయిన తీరుకు అతనికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి అతని చేతే బోర్డు రాయించుకున్న ఒక బట్టల దుకాణం సేటు ఒకరోజు కబురు పంపాడు. బోర్డుకు కొత్త రంగులు వేయించుకుంటాడనుకుని కొండల్ డబ్బాలన్నీ సర్దుకుని వెళ్లాడు.

"ఫ్లెక్సీ కడుతున్నరు, ఒక మనిషి తక్కువైండు. జర నిచ్చెన పట్టుకో కొండల్," అన్నాడు సేటు.

కొండల్ పట్టుకున్నాడు. తలెత్తి చూస్తుంటే తన అక్షరాలు ఒక్కొక్కటే ఆ మెరిసే గుడ్డ కిందికి పోతున్నాయి. చివరి అక్షరం పోకముందే నిచ్చెన వదిలేశాడు. పైనున్నవాడు సజ్జ పట్టుకుని వేలాడుతూ కేకలు పెట్టాడు. కొండల్ టర్పెంట్ డబ్బాను నడిరోడ్డు మీద విసిరికొట్టి, బ్రష్షులన్నీ మోరీలో పారేసి ఇంటికి వచ్చాడు.

"కోపమొచ్చినప్పుడల్లా చేతిలున్నది పారేస్తే ఇగ చేతుల ఏం మిగుల్తది?" అంది భార్య స్వర్ణలత.

కొండల్ కొన్నాళ్లు ఎవరిదో ఆటో నడిపాడు. తర్వాత కిస్తీల మీద కారు తీసుకున్నాడు.

ఎయిర్‌పోర్టు దారిలో, హైవేకి కొంచెం లోపలికి, ఒకప్పుడు జొన్నచేను ఉన్నచోట ఒక ప్రైవేటు యార్డు ఉంది. క్యాబులు అక్కడ ఆగి, ఫోన్‌లో వంతు వచ్చేదాకా ఉండాలి. దాన్ని కౌలుకు తీసుకుని నడిపించే ఆయనను డ్రైవర్లంతా సారు అంటారు. సారు అక్కడికి వచ్చేది తక్కువ. గేటు, చీట్లు, తాళాలు అన్నీ హరిప్రసాద్ చూసుకుంటాడు. హరిప్రసాద్ కొండల్ ఊరి అల్లుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు.

యార్డులో చెట్టన్నది లేదు. రేకుల షెడ్డు ఉంది గాని అందులో సగం సారు పాత సామాను. గోడవారగా తెల్లటి సున్నం వేసిన ఒక గది, దాని నెత్తిన 'డ్రైవర్ల విశ్రాంతి గది' అని ఒక ఫ్లెక్సీ. మొదట్లో ఆ గది తెరిచే ఉండేది. ఎవరో గుట్కా ఉమ్మి టైల్సు ఖరాబు చేశారని సారు తాళం వేయించాడు. ఆ తాళంచెవి హరిప్రసాద్ నడుముకు వేలాడే గుత్తిలో ఉంటుంది. గేటు పక్కన సత్తెమ్మ అనే ముసలామె చాయ బండి, బండి పక్కనే మక్క కంకులు కాల్చే బొగ్గుల పొయ్యి.

గంటల తరబడి వంతు కోసం చూసే మనుషులు ఎట్లా ఉంటారో అక్కడి డ్రైవర్లు అట్లాగే ఉండేవాళ్లు. ఎవడో ముందుకు దూరాడని ఒకడు హారన్ కొడతాడు. ఫోన్‌లో పాట గట్టిగా పెట్టాడని ఇంకొకడు కస్సుమంటాడు. మంచినీళ్ల డ్రమ్ము దగ్గర రోజూ ఒక కొట్లాట. కొండల్ ఎవరితోనూ కలవకుండా కారులో కూర్చుని, పార్కింగ్ చీటీల వెనక బాల్‌పెన్నుతో ఏవో గీతలు గీసుకునేవాడు.

ఆ గీతలను మొదట చూసినవాడు జంగయ్య. మహేశ్వరం దిక్కు మనిషి, కొండల్ కంటే పెద్దవాడు. ఊళ్లో చేలన్నీ ప్లాట్లయ్యాక స్టీరింగు పట్టాడు. మాట మెత్తన. కారు అద్దంలోంచి వంగి చూశాడు.

"ఇది సత్తెమ్మ గదా? అబ్బ, ఆ కంకి ఊదే మూతి గూడ గట్లనే ఉన్నది."

ఆ తర్వాత ఒక్కొక్కరే రాసాగారు. ఫోన్‌లో ఫొటో చూపించి, "అన్నా, మా బిడ్డది గియ్యరాదే," అనేవాళ్లు. పెన్ను గీత సన్నం, చీటీ చిన్నది. చూడాలంటే మనిషి దగ్గరికి రావాలి, తల పక్కన తల పెట్టాలి. అంత దగ్గర కూర్చున్నాక ఎవరూ గొంతు పెంచలేదు. గీస్తున్నంతసేపు తమ ఇంటి సంగతులు చెప్పుకునేవాళ్లు. ఒకడి కూతురికి చదువు ఎక్కట్లేదు, ఇంకొకడి తల్లికి చూపు ఆనట్లేదు. బాల్‌పెన్ను గీతను చెరపడం కుదరదు గనక కొండల్ కూడా తొందర పడేవాడు కాదు. నీళ్ల డ్రమ్ము దగ్గర కొట్లాటలు తగ్గాయని సత్తెమ్మే అంది.

అది చూసి మధుకు ఉబలాటం పుట్టింది. మైలార్‌దేవ్‌పల్లి కుర్రవాడు, కొత్తగా పెళ్లయినవాడు. భార్య చిన్న బడిలో టీచరు. ఒకరోజు ఆమె దగ్గర్నుంచి రంగురంగుల సుద్దముక్కల డబ్బా పట్టుకొచ్చాడు.

"చీటీల మీద ఎవనికి కనవడ్తదన్నా? నేల మీద గియ్యి, అందరం సూస్తం."

సిమెంటు నేల మీద కొండల్ మోకాళ్లేసుకుని కూర్చున్నాడు. చుట్టూ గుంపు. ముందు హరిప్రసాద్‌ను గీశాడు. పొట్ట మీద పెద్ద తాళంకప్పను పసిపిల్లలా పడుకోబెట్టుకుని జోకొడుతున్నాడు. యార్డంతా గొల్లుమంది. హరిప్రసాద్ కూడా నవ్వాడు, బావ వరస కదా. గుంపు ఇంకా కావాలంది. చప్పట్లు, ఈలలు. సుద్ద చేతిలో పరుగెత్తుతున్నట్టే ఉంది, ఒక్క గీతకు మనిషి దొరికిపోతున్నాడు.

"మధును గియ్యి! మధును!" అన్నారెవరో.

సారు కారు వచ్చినప్పుడు మధు ఉరికి వెళ్లి డోరు తీసే అలవాటు అందరికీ తెలుసు. కొండల్ అదే గీశాడు. నడుం వంచి డోరు తీస్తున్న మధు, గడ్డం దాకా వేలాడుతున్న నాలుక, వెనక ఒక తోక. గుంపు కిందా మీదా పడి నవ్వింది. మధు ముఖం నల్లబడింది. చెప్పుకాలితో బొమ్మను బరబరా రుద్దేశాడు.

"నా సుద్ద, నన్నే కుక్కను జేస్తవా?"

"ఉన్నదే గీసిన. తోక నేను పెట్టిన్నా, నువ్వే ఊపుతున్నవ్."

మధు కొండల్ చొక్కా పట్టుకున్నాడు. కొండల్ సుద్దముక్కల డబ్బా కాలితో తన్నాడు. ఇద్దరూ నేల మీద దొర్లారు. లేచేసరికి ఇద్దరి ఒంటి నిండా గులాబీ, పసుపు రంగుల పొడి. చూసేవాళ్లకు అది కూడా నవ్వుగానే ఉంది. జంగయ్య ఒక్కడే నవ్వకుండా వచ్చి ఇద్దరినీ విడదీశాడు. కొండల్‌ను పక్కకు తీసుకుపోయాడు.

"పెన్ను పట్టినప్పుడు మనిషి లెక్కనే ఉంటవ్. గీ సుద్ద పట్టంగనే ఏం బుట్టింది నీకు?"

"నవ్వుకుంటరని గీసిన."

"వాళ్లు నవ్విర్రు. వాడు ఏడ్వలేక సచ్చిండు. పొద్దుమూకె వరకు టైర్లకు చెరిగిపోతది గదాని చెయ్యి ఏదంటె అది గీస్తదా?"

మధుతో మాటలు బందయ్యాయి. చాలా రోజులు కొండల్ ఏమీ గీయలేదు.

ఎండాకాలం ముదిరింది. కారు నిలబెట్టి ఏసీ వేసుకుంటే డీజిల్ దండగ, అందుకని డ్రైవర్లు అద్దాలు దింపుకుని, తడి తువ్వాల నెత్తిన వేసుకుని కూర్చునేవాళ్లు. రేకుల షెడ్డు కింద నిలబడితే పెనం కింద నిలబడ్డట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం జంగయ్య కారు పక్కన వాంతి చేసుకున్నాడు. కొండల్ వెళ్లి చూస్తే ఒళ్లు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. అడిగేది ఒకటైతే ఇంకొకటి చెప్తున్నాడు.

కొండల్ హరిప్రసాద్ దగ్గరికి ఉరికాడు.

"బావా, రూము తాళం ఇయ్యి. జంగన్న పానం మంచిగ లేదు. లోపల కూలర్ ఉన్నదిగా, జరసేపు పండవెడత."

"సారు ఫోన్ ఎత్తుతలేడు."

"ఎత్తకుంటె?"

"అడగకుంట తీస్తే నా నౌకరి పోతది బావా. మొన్ననే గట్టిగ చెప్పిండు. షెడ్డు కింద పండవెట్టు, నేను మల్ల కొడత ఫోను."

చెప్తూనే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఇంకో చెయ్యి నడుము దగ్గర గుత్తి మీద ఉంది. కొండల్ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి సత్తెమ్మ కేక పెట్టింది. జంగయ్య సీట్లోనే పక్కకు ఒరిగిపోయాడు.

పిలవకుండానే మధు తన కారు తెచ్చాడు. ఇద్దరూ ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. దవాఖానకు చేరేసరికే అంతా అయిపోయింది. ఎండదెబ్బ అన్నాడు డాక్టరు, గంట ముందు చల్లటి నీడకు చేర్చి ఉంటే బతికేవాడేమో, చెప్పలేం అన్నాడు. ఆ మాట కొండల్ చెవిలో దిగబడిపోయింది. బయటికి వచ్చి దవాఖాన గోడను పిడికిలితో గుద్దాడు. గుత్తి గుంజుకుంటే ఒక్క నిమిషం పని, అడుక్కుంటూ నిలబడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మధు అతని పిడికిలి పట్టుకుని ఆపాడు. సుద్దముక్కల గొడవ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోవడం మళ్లీ అప్పుడే.

దినం కాకముందే సారు యార్డులో సంతాప సభ పెట్టించాడు. గేటు నుంచి షెడ్డు దాకా పట్టేంత ఫ్లెక్సీ. ఎడమ పక్క జంగయ్య. లైసెన్సు మీది ఫొటోను సాగదీసి, ముఖం తెల్లగా చేసి, వెనక నీలం మబ్బులూ పావురాలూ వేశారు. కుడి పక్క, అంతకంటే పెద్దగా, చేతులు జోడించి చిరునవ్వు నవ్వుతున్న సారు. కింద 'అశ్రునివాళి' అని మెరుపు అక్షరాలు. దండ వేశారు. కొవ్వొత్తులు వెలిగించారు. సారు వచ్చి, జంగయ్య మన కుటుంబ సభ్యుడు అన్నాడు. అందరూ చేతులు కట్టుకుని తలలు వంచి నిలబడ్డారు. సత్తెమ్మ బండి నుంచి అందరికీ చాయ పంచారు. సారు ఫొటోలు దిగి వెళ్లిపోయాడు.

కొండల్ చుట్టూ చూశాడు. నిన్నటిదాకా సారు మీద పళ్లు కొరికినవాళ్లే ఇవాళ చాయ ఊదుకుని తాగుతూ, "మంచిగనే చేసిండు సారు," అనుకుంటున్నారు. ఆ నీలం మబ్బుల ముందు, ఆ నున్నటి ముఖం ముందు ఎవరికీ కోపం రావట్లేదు. బడిలో ప్రార్థన దగ్గర పిల్లల్లాగా ఉన్నారు. ఫ్లెక్సీలో ఉన్నవాడు ఎండకు చచ్చినవాడు కాదు, ఏ దుఃఖమూ లేకుండా మబ్బుల్లోకి పోయినవాడు.

"గీయన ఎవరు?" అన్నాడు కొండల్ పైకే.

"ఏందన్నా?" అన్నాడు మధు.

"గీ తెల్లటోడు ఎవడని అడుగుతున్న."

చాయ గ్లాసు కింద పెట్టి సత్తెమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లాడు. పొద్దున చల్లారిన బొగ్గులు పక్కన తట్టలో ఉన్నాయి. దోసెడు తీసుకున్నాడు. నేరుగా వెళ్లి తాళం వేసిన విశ్రాంతి గది ముందు నిలబడ్డాడు.

ముందు తలుపు మీద ఒక్క పెద్ద గీత గీశాడు, పై నుంచి కింది దాకా. బరబరమని చప్పుడైంది. చాయ తాగుతున్నవాళ్లు తలలు తిప్పారు. రంగుకైతే తడి ఆరేదాకా ఆగాలి, పెన్నుకైతే వంగి చూసుకోవాలి. బొగ్గుకు అవేమీ అక్కర్లేదు. ఒళ్లంతా ఊపి గీస్తే అంత మందాన గీత పడుతుంది, గట్టిగా నొక్కితే విరుగుతుంది, విరిగిన ముక్కతోనే ఇంకో గీత. పొడి రాలి కొండల్ కాళ్ల మీద పడుతోంది. ముందుకు వంగిన నెత్తి వచ్చింది. విప్పిన కాలరు వచ్చింది. తెరుచుకున్న నోరు, ఎండిన పెదవులు, సగం మూసిన కళ్లు. తలుపు దాటి సున్నం గోడ మీదికి భుజం సాగింది, చెయ్యి సాగింది. ఆ చెయ్యి వెనక్కి తిరిగి తాళంకప్ప దగ్గరికి వెళ్లి, అందక ఆగింది. సీట్లో ఒరిగిపోయిన మనిషి, మనిషికి రెండింతల ఎత్తున.

బొగ్గు చప్పుడు ఒక్కటే. ఎప్పుడు వచ్చారో, అందరూ వెనక నిలబడి ఉన్నారు.

"గిది... గిది జంగన్ననే," అన్నాడెవరో.

సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మధు కిందపడ్డ బొగ్గుముక్క ఏరుకున్నాడు. బొమ్మ పక్కన పెద్ద అక్షరాలతో 'తాళం తియ్యలే' అని రాశాడు. ఇంకొకడు ముక్క తీసుకుని తన పేరు రాశాడు. ఇంకొకడు ఏమీ రాయలేక చెయ్యి బొగ్గులో అద్ది గోడ మీద చరిచాడు. చేతులు నల్లబడ్డాక ఎవరికీ చాయ గ్లాసు గుర్తు లేదు. చప్పుడు పెరిగింది. తలుపు మీద పిడికిళ్లు పడుతున్నాయి.

హరిప్రసాద్ బకెట్టు నీళ్లు, గుడ్డ పట్టుకుని ఉరికొచ్చాడు.

"బావా, ఏం పని ఇది? సారు చూస్తే మనందరిని—"

కొండల్ రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని గోడకు ఆనించాడు. తెల్లచొక్కా మీద పది వేళ్లూ నల్లగా పడ్డాయి.

"ఆనాడు గూడ సారే, ఈనాడు గూడ సారే! మనిషి పోతుంటే ఆ గుత్తి మీద చెయ్యి వెట్టుకుని నిలవడ్డవ్ కదరా!"

"నౌకరి బావా... పిల్లలున్నరు..."

"జంగన్నకు లేరా?"

కొట్టడానికి చెయ్యి లేచింది. హరిప్రసాద్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ కోసం ఎదురుచూస్తున్న ఆ ముఖాన్ని చూసి కొండల్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"తియ్యి," అన్నాడు. "తాళం తియ్యి, నీ చేతితోనే."

హరిప్రసాద్ నడుము నుంచి గుత్తి తీశాడు. రెండుసార్లు తప్పి మూడోసారికి తాళం ఊడింది. తలుపు తెరుచుకుంటే జంగయ్య బొమ్మ సగం లోపలికి తిరిగింది. లోపల పాత ఫ్లెక్సీల చుట్టలు, పేర్చిన కుర్చీలు, అట్టపెట్టెలోంచి ఇంకా తీయని కూలర్. తాళం వేశాక లోపల కూలర్ బిగించానని సారు అంటే నిజమే అనుకున్నారు ఇన్నాళ్లూ అందరూ. దాన్ని చూసి మధు అరిచిన అరుపు రోడ్డు మీదికి వినిపించింది.

ఆ సాయంత్రం ఒక్క కారూ కదల్లేదు. గేటుకు అడ్డంగా బండ్లు పెట్టారు. సారు వచ్చాడు, వెనకే పోలీసులు వచ్చారు. చాలాసేపు వాదన జరిగింది. ఫొటోలు తీసి అందరూ ఫోన్లలో పంపారు, తలుపు మీది జంగయ్య తెల్లవారేసరికి ఎక్కడెక్కడికో పోయాడు. సారు దిగివచ్చాడు. గది తెరిచే ఉంటుందన్నాడు, కూలర్ పెట్టించాడు, నీళ్లకు కొత్త ఫిల్టరు పెట్టించాడు. బొమ్మను మాత్రం డ్రైవర్లు తుడవనివ్వలేదు. గోడ పాడు చేసి, మనుషులను రెచ్చగొట్టాడని కొండల్‌ను మాత్రం యార్డులోకి రానివ్వలేదు. స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టి పంపారు. "ఇగ నీ కోపం ఊరందరికి తెలిసింది," అంది స్వర్ణలత. తిట్టినట్టే అంది గాని, ఆ రోజు అతనికి ఇష్టమైన చింతచిగురు పప్పు చేసింది.

వారం గడిచిందో లేదో, ఒక పొద్దున కొండల్ ఇంటి ముందు ఆటో ఆగింది. దిగినామె జంగయ్య భార్య భారతమ్మ. కొండల్ ఎదురువెళ్లాడు.

"రా వదినా, లోపలికి రా."

ఆమె గడప తొక్కలేదు.

"నిన్నెవరు గియ్యమన్నరు?"

"వదినా..."

"నా పెనిమిటి నోరు తెరుచుకుని సచ్చిపోతున్నది నేను చూడలే. దేవుడు ఆ ఒక్క మేలు చేసిండనుకున్న. నువ్వు జేసినవ్ గాదూ, లోకమంత చూసేటట్టు! నా బిడ్డ ఫోన్ల చూసుకుంటూ అన్నం తింటలేదు. చుట్టాలు ఫోన్ జేసి 'గట్లనే పోయిండా' అని అడుగుతున్నరు. ముప్పై ఏండ్లు కాపురం జేసిన, ఒక్కనాడు కాలరు గుండీ ఇప్పుకుని బయటికి పోలే ఆయన. నువ్వు ఇప్పినవ్!"

"వాళ్లు తాళం తియ్యలే వదినా. అందరు మర్చిపోతుంటే కోపమొచ్చి..."

"నీ కోపం నీది. మొఖం నాది. నా ఇంటాయన మొఖం పట్టుకొని నువ్వు కొట్లాడితివి. నన్నడిగినవా?"

ఇన్నేళ్లలో కొండల్ కోపానికి ఎదురు కోపం చాలామంది చూపించారు. ఇంత న్యాయంగా ఎవరూ చూపించలేదు.

ఆ రోజే యార్డుకు వెళ్లాడు. గేటు దగ్గర హరిప్రసాద్ అతన్ని చూసి, ఎవరికీ ఫోన్ చేయకుండా పక్కకు తప్పుకున్నాడు. కొండల్ డ్రమ్ములోంచి నీళ్లు తీసుకుని తలుపు తుడవడం మొదలుపెట్టాడు. లోపల కూలర్ గాలికి పడుకున్న డ్రైవర్లు బయటికి వచ్చారు. మధు బకెట్టు లాక్కున్నాడు.

"పిచ్చి లేసిందా అన్నా? గా బొమ్మ ఉన్నన్ని రోజులే సారు మనకు భయపడ్తడు. గా బొమ్మ పోతే మల్ల తాళం వేస్తడు!"

"భారతమ్మ వదినకు గిది వద్దు."

"ఆమెకేం తెల్సు యార్డు సంగతి? గిది ఇప్పుడు నీది గాదు, ఆమెది గాదు. మా అందరిది!"

"జంగన్న మాత్రం ఆమెవాడే," అన్నాడు కొండల్.

వెనక నుంచి ఎవరో, సారు దగ్గర ఏదో ముట్టి ఉంటుందిలే అన్నారు. కొండల్ వెనక్కి తిరిగాడు, కాని కదల్లేదు. మళ్లీ తలుపు వైపు తిరిగి గుడ్డ పిండాడు. బొగ్గు తుడిస్తే పోదు, పరుచుకుంటుంది. ముఖం మసకబారి, నల్లటి మబ్బులా తలుపంతా పాకింది. తర్వాత దాని మీద సున్నం రెండు పూతలు వేయాల్సి వచ్చింది. మధు చూస్తూ నిలబడి, చివరికి ఉమ్మేసి వెళ్లిపోయాడు. సారు మళ్లీ తాళం వేయలేదు. సున్నం వేసిన తలుపు మీద ఏమీ లేకపోయినా, ఆ చేతిముద్రలు వేసినవాళ్లంతా ఇంకా అక్కడే ఉన్నారు గదా. గది తెరిచి ఉండడం చూసినా మధు కోపం మాత్రం తగ్గలేదు. ఎదురుపడితే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాడు.

కొండల్ ఒక ఆదివారం మహేశ్వరం దిక్కు భారతమ్మ ఊరికి వెళ్లాడు. జేబులో కొత్త పెన్సిలు, రబ్బరు, చంకలో తెల్లకాగితాల కట్ట. పెన్సిలు పట్టి ఎన్నో ఏళ్లయింది. భారతమ్మ వాకిట్లో చాటలో బియ్యం ఏరుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నువ్వు చెప్పు వదినా. నువ్వు చెప్పినట్టే గీస్త. నచ్చకుంటె చెరుపుత."

ఆమె బియ్యం ఏరుతూనే ఉంది. కాగితం మీద తల ఆకారం పడేసరికి ఓరకంట చూసింది.

"నొసలు గంత పెద్దగుండదు."

చెరిపాడు. మళ్లీ గీశాడు.

"మీసం గట్లనా? ఎప్పుడన్న చూసినవా ఆయనను?" ఆమె గొంతులో కోపం అట్లాగే ఉంది. "ఎడమ పక్క జర తక్కువుంటది. దువ్వెన అటు దిక్కు తగలనియ్యడు."

చెరిపాడు. లోపలి నుంచి కూతురు వచ్చి తల్లి భుజం మీదుగా వంగింది. "నాయన చెవులు పెద్దగుంటయి," అంది. "ఏం పెద్దగుంటయే? మంచిగనే ఉంటయి," అంది తల్లి. తల్లీ కూతుళ్లు చెవుల మీద వాదులాడుకున్నారు. కొండల్ ఒకసారి తల్లి మాటకు, ఒకసారి కూతురి మాటకు చెరుపుతూ గీస్తూ పోయాడు. రబ్బరు పొట్టు బియ్యంలో పడుతుంటే భారతమ్మ విసుక్కుని చాట పక్కకు జరిపింది. "ఎన్నిసార్లు చెరుపుతవయ్యా? చేతగాకుంటె చెప్పు," అని కసిరింది. అయినా లేచి వెళ్లలేదు.

పొద్దు వాలేసరికి కాగితం పలుచబడి, ఒకచోట చిరుగు పట్టింది. మీసం కుదిరింది. నవ్వు మాత్రం కుదరలేదు. భారతమ్మ బొమ్మను చేత్తో పట్టుకుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"గిది గూడ ఆయన గాదు," అంది.

కొండల్ పెన్సిలు జేబులో పెట్టుకుని లేచాడు.

"ఏడికి? కూసో," అంది భారతమ్మ, కోపంగానే. "కాగితం ఇంకోటి తియ్యి. చెవుల కాడినుంచి మొదలువెట్టు ఈసారి."